ఫిల్టర్ నొక్కితే ఫారం ఖాళీ!

కిరాణా షాపు ఖాతాలు ఎంఎస్ యాక్సెస్‌లో రాసుకున్నారు. ఊరి పేరు ఎంచుకుని బటన్ నొక్కితే ఆ ఊరి బాకీలు రావాలి. తీరా నొక్కితే ఖాళీ ఫారం! లెక్కలన్నీ పోయాయని కంగారుపడకండి. ఫిల్టర్ దేన్నీ చెరపదు, దాస్తుందంతే. హోమ్ ట్యాబ్‌లో 'టాగుల్ ఫిల్టర్' నొక్కితే అన్నీ తిరిగొస్తాయి.

మరి తప్పెక్కడ? ఊరి పేరు ఉంచే వేరియబుల్‌ని కాంబో బాక్స్ ప్రొసీజర్ లోపల 'డిమ్'తో ప్రకటించి ఉంటారు. 'ఎండ్ సబ్' రాగానే అది మాయమవుతుంది. బటన్ ప్రొసీజర్‌లో అదే పేరు రాస్తే వీబీఏ మారుమాట్లాడకుండా కొత్తగా ఓ ఖాళీ వేరియబుల్ తయారుచేస్తుంది. పక్కింటి వంటింట్లో పెట్టిన ఉప్పు డబ్బాను మనింట్లో వెతికినట్టన్నమాట!

ఇలా సరిచేయండి. మాడ్యూల్ మొదట్లో 'ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్' అని రాసి, డీబగ్ మెనూలో కంపైల్ నొక్కండి. 'వేరియబుల్ నాట్ డిఫైన్డ్' అంటూ తప్పున్న చోటే ఆగుతుంది. ఇప్పుడు 'డిమ్' వరుసను ప్రొసీజర్ లోంచి తీసి ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ కింద పెట్టండి. ఇక ఆ ఫారంలోని ప్రొసీజర్లన్నింటికీ అది కనిపిస్తుంది.

'ఎంటర్ పారామీటర్ వ్యాల్యూ' అని అడుగుతోందా? అయితే వేరియబుల్ పేరు డబుల్ కోట్స్ లోపల ఉండిపోయి ఉండొచ్చు. బయటికి తీసి ఆంపర్‌శాండ్‌తో కలపండి. ఊరి పేరులాంటి అక్షరాలైతే విలువకు అటూఇటూ సింగిల్ కోట్ రావాలి. అంకెలకు అక్కర్లేదు.

చివరిగా, వీబీఏ ఎడిటర్ టూల్స్‌లోని ఆప్షన్స్‌లో 'రిక్వైర్ వేరియబుల్ డిక్లరేషన్'కి టిక్ పెట్టుకోండి. కొత్త మాడ్యూళ్లలో ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ దానంతటదే వస్తుంది.