చేతి గేమ్ కన్సోళ్ళ ఎమ్యులేషన్

చేతి గేమ్ కన్సోళ్ళ ఎమ్యులేషన్ అనగా, చేతిలో పట్టుకుని ఆడేందుకు తయారైన ఒక వీడియో గేమ్ యంత్రపు పనితీరును మరొక చిన్న యంత్రంలో సాఫ్ట్‌వేర్ ద్వారా అనుకరించడం. ఈ పని చేసే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారు. అనుకరణకు లోనయ్యే యంత్రాన్ని అతిథి యంత్రమనీ, ఆ అనుకరణకు చోటిచ్చే యంత్రాన్ని ఆతిథేయ యంత్రమనీ చెప్పుకోవచ్చును. నింటెండో సంస్థ 2001లో విడుదల చేసిన గేమ్ బాయ్ అడ్వాన్స్ గేములు 2006 నాటికి సోనీ సంస్థ పీఎస్‌పీలో పూర్తి వేగానికి దగ్గరగా నడవడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆనాడు ఆతిథేయ యంత్రమైన పీఎస్‌పీ నేడు మొబైల్ ఫోన్లలో అతిథి యంత్రంగా మారింది.

సాంకేతికంగా పాత యంత్రాల విషయంలో ఈ సమస్య చాలావరకు పరిష్కారమైనది. అయితే పాత గేమును చట్టబద్ధంగా సంపాదించి కొత్త యంత్రంలో ఆడే మార్గం ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్నకు ఇంకా సమాధానం లేదు. 2024లో జరిగిన పరిణామాలు ఈ ప్రశ్నను మరింత స్పష్టంగా ముందుకు తెచ్చాయి.

నేపథ్యం

నింటెండో గేమ్ బాయ్ 1989 ఏప్రిల్ 21న జపానులో విడుదలైంది. దీని ప్రాసెసరు వేగం సుమారు 4.19 మెగాహెర్ట్జ్, ప్రధాన మెమరీ 8 కిలోబైట్లు. తెరపై అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు, నాలుగు ఛాయలు మాత్రమే ఉండేవి. 1998లో వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి ఈ యంత్రాలు 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. తరువాత వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో 16.78 మెగాహెర్ట్జ్ వేగం గల ఆర్మ్ రకపు ప్రాసెసరు, 240 × 160 చుక్కల రంగుల తెర ఉన్నాయి. ఇది 8.1 కోట్లకు పైగా అమ్ముడైంది.

సోనీ పీఎస్‌పీ 2004 డిసెంబరు 12న జపానులో విడుదలైంది. దీనిలో 333 మెగాహెర్ట్జ్ వరకు నడవగల మిప్స్ రకపు ప్రాసెసరు, 32 మెగాబైట్ల మెమరీ, 480 × 272 చుక్కల తెర ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇందులో మెమరీ కార్డు పెట్టుకునే వీలున్నది. వాడుకరి తన కంప్యూటరు నుండి ఫైళ్ళను కార్డులోకి ఎక్కించుకోగలిగిన యంత్రం కావడం చేత, స్వచ్ఛంద ప్రోగ్రామర్ల దృష్టి దీనిపై పడింది.

పనిచేసే విధానం

ఒక ప్రాసెసరు కోసం రాసిన ఆదేశాలు వేరే రకపు ప్రాసెసరుకు అర్థం కావు. ఈ అంతరాన్ని పూడ్చడానికి రెండు ప్రధాన పద్ధతులున్నాయి.

మొదటిది ఇంటర్‌ప్రెటర్ పద్ధతి. ఎమ్యులేటరు అతిథి యంత్రపు ఆదేశాలను ఒక్కొక్కటిగా చదివి, దానికి సమానమైన పనిని అప్పటికప్పుడు చేస్తుంది. ఇద్దరి మధ్య దుబాసీ కూర్చుని ప్రతి వాక్యాన్నీ, అది ఎన్నిసార్లు వినబడితే అన్నిసార్లూ, మళ్ళీ అనువదించడం వంటిది ఇది. సరళమైనదే కాని నెమ్మదైనది.

రెండవది డైనమిక్ రీకంపైలేషన్. ఈ పద్ధతిలో ఆదేశాల సమూహాన్ని ఒకేసారి ఆతిథేయ ప్రాసెసరు భాషలోకి అనువదించి మెమరీలో దాచుకుంటారు. అదే భాగం మళ్ళీ వచ్చినప్పుడు అనువాదం అవసరం లేకుండా దాచిన ప్రతినే నడుపుతారు. గేములలో ఒకే భాగం సెకనుకు అనేకసార్లు తిరిగి నడుస్తుంది గనుక దీనివలన వేగం బాగా పెరుగుతుంది.

పీఎస్‌పీ వేగం గేమ్ బాయ్ అడ్వాన్స్ వేగానికి సుమారు 20 రెట్లు. ఇది చాలా ఎక్కువగా కనిపించినా, ఒక్క ఆదేశాన్ని చదివి, విడదీసి, అమలు చేయడానికి ఇంటర్‌ప్రెటరుకు అనేక ఆదేశాలు ఖర్చవుతాయి. పైగా బొమ్మలు గీసే భాగాన్నీ, శబ్దాన్నీ కూడా అదే ప్రాసెసరు అనుకరించాలి. అందుచేత 2006లో వచ్చిన జీపీఎస్‌పీ అనే ఎమ్యులేటరు రీకంపైలేషన్ పద్ధతిని ఎంచుకున్నది. ఆర్మ్ ప్రాసెసరులో ఒకేసారి అందుబాటులో ఉండే రిజిస్టర్లు 16, మిప్స్‌లో 32 కావడం ఈ పద్ధతికి అనుకూలించింది. కాని లెక్క ఫలితం సున్నా అయిందా, రుణసంఖ్య అయిందా అని గుర్తుపెట్టుకునే ప్రత్యేక సూచికలు ఆర్మ్‌లో ఉన్నాయి, మిప్స్‌లో లేవు. వాటిని అదనపు ఆదేశాలతో లెక్కగట్టవలసి వచ్చింది.

మెమరీ మరొక అడ్డంకి. గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జిలో (మన దేశంలో పిల్లలు దీనిని క్యాసెట్టు అని పిలిచేవారు) గేము పరిమాణం 32 మెగాబైట్ల వరకు ఉండవచ్చును. తొలి పీఎస్‌పీలో ఉన్న మొత్తం మెమరీయే 32 మెగాబైట్లు, అందులో 8 మెగాబైట్లు యంత్రపు సొంత అవసరాలకు పోతాయి. కనుక పెద్ద గేములను ముక్కలుగా, కావలసినప్పుడు మెమరీ కార్డు నుండి చదువుకోవలసి వచ్చింది.

తెరల కొలతలు కూడా కలవవు. 240 × 160 బొమ్మను రెండింతలు చేస్తే 480 × 320 అవుతుంది. వెడల్పు పీఎస్‌పీ తెరకు సరిగ్గా సరిపోయినా, ఎత్తు 48 గీతలు మించిపోతుంది. ఒకటిన్నర రెట్లు చేస్తే ప్రతి రెండు చుక్కలను మూడుగా పరచవలసి వచ్చి బొమ్మ మసకబారుతుంది. ఇటువంటి ఇబ్బంది రాకుండా ఉండేందుకే 2021 డిసెంబరులో విడుదలైన అనలాగ్ పాకెట్ అనే యంత్రానికి 1600 × 1440 చుక్కల తెరను అమర్చారు. ఇది గేమ్ బాయ్ తెరకు రెండు దిశలలోనూ సరిగ్గా పదింతలు.

తాళాలు, మారుతాళాలు

తయారీదారులు తమ యంత్రాలలో ఇతరుల ప్రోగ్రాములు నడవకుండా కొన్ని ఏర్పాట్లు చేస్తారు. గేమ్ బాయ్‌లో ఈ ఏర్పాటు చాలా చిన్నది. యంత్రాన్ని ఆన్ చేసినప్పుడు తెరపై దిగివచ్చే నింటెండో చిహ్నం కార్ట్రిడ్జిలో 48 బైట్ల రూపంలో ఉంటుంది. అది యంత్రంలోని ప్రతితో సరిపోలకపోతే గేము మొదలు కాదు. అయితే కార్ట్రిడ్జిలోని సమాచారానికి సంకేతలిపి రక్షణ ఏదీ లేదు. తగిన పరికరం ఉంటే దానిని నేరుగా చదవవచ్చును.

పీఎస్‌పీ నాటికి ఈ ఏర్పాట్లు బలపడ్డాయి. సోనీ సంతకం లేని ప్రోగ్రాములను యంత్రం నిరాకరించేది. 2005లో తొలి సాఫ్ట్‌వేర్ సంచికలలోని లోపాల ద్వారా, ఆపై 2.00 సంచికలో బొమ్మలు చూపే భాగంలోని లోపం ద్వారా ఔత్సాహికులు సొంత ప్రోగ్రాములను నడిపారు. సోనీ కొత్త సంచికలతో ఆ లోపాలను మూసివేసేది, వారు మరొకటి కనుగొనేవారు. ఇక్కడ గమనించవలసినది ఏమనగా, తన సొంత యంత్రంలో స్వయంగా రాసుకున్న ప్రోగ్రామును నడుపుకోవాలన్నా, పైరసీ గేము ఆడాలన్నా పగలగొట్టవలసిన తాళం ఒక్కటే. ఈ రెండు అవసరాలను వేరుచేసి చూడలేకపోవడమే తరువాతి వివాదాలకు మూలం.

ఆతిథేయి అతిథిగా మారడం

జపానులో పీఎస్‌పీ సరఫరా 2014లో ఆగిపోయింది. 2021 జూలైలో ఆ యంత్రం నుండి నేరుగా గేములు కొనే సదుపాయాన్ని కూడా సోనీ నిలిపివేసింది. అప్పటికే 2012 నవంబరులో మొదలైన పీపీఎస్ఎస్‌పీపీ అనే ఎమ్యులేటరు ఆండ్రాయిడ్ ఫోన్లలో పీఎస్‌పీ గేములను నడుపుతున్నది. యంత్రపు ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనులను ఇది తిరిగి సొంతంగా రాసుకున్నందున సోనీ సాఫ్ట్‌వేర్ ప్రతి అవసరం లేదు.

ఆపిల్ ఐఫోన్లలో మాత్రం ఇటువంటి ప్రోగ్రాములను చాలాకాలం అనుమతించలేదు. 2024 ఏప్రిల్ 5న ఆపిల్ తన నియమాలను సవరించి పాత కన్సోళ్ళ ఎమ్యులేటర్లకు యాప్ స్టోరులో చోటు కల్పించింది. అదే నెల 17న గేమ్ బాయ్ తదితర యంత్రాలను అనుకరించే డెల్టా, మే నెలలో పీపీఎస్ఎస్‌పీపీ అందుబాటులోకి వచ్చాయి. అయితే నడుస్తుండగా కొత్త ఆదేశాలను తయారుచేసుకుని అమలు చేయడాన్ని ఆపిల్ అనుమతించలేదు గనుక రీకంపైలేషన్ పద్ధతి కుదరలేదు. ఫోన్ల వేగం వలన పీఎస్‌పీ వంటి యంత్రాలకు ఇది పెద్ద లోటు కాలేదు. పీఎస్‌పీపై వేగం కోసం తప్పనిసరి అయిన పద్ధతి లేకుండానే, ఆ పీఎస్‌పీనే అనుకరించగల స్థాయికి ఫోన్లు చేరుకున్నాయి.

చట్టపరమైన అంశాలు

ఎమ్యులేటరు, గేము ప్రతి, తాళం తీయడం - ఈ మూడింటినీ చట్టం వేరువేరుగా చూస్తుంది.

ఎమ్యులేటరు విషయంలో అమెరికా న్యాయస్థానాల వైఖరి కొంత స్పష్టంగానే ఉన్నది. 1992లో సెగా, అకొలేడ్ సంస్థల మధ్య కేసులోనూ, 2000లో సోనీ, కనెక్టిక్స్ సంస్థల మధ్య కేసులోనూ, యంత్రపు పనితీరును తెలుసుకునేందుకు దాని ప్రోగ్రామును విడదీసి పరిశీలించడం న్యాయమైన వినియోగమేనని అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చింది. హక్కుదారు అనుమతి లేకుండా గేము ప్రతులను పంచిపెట్టడం మాత్రం కాపీహక్కుల ఉల్లంఘన. ఇక తాళం తీయడాన్ని, అందుకు పనికివచ్చే సాధనాలను పంచడాన్ని అక్కడి 1998 నాటి డిజిటల్ కాపీహక్కుల చట్టం విడిగా నిషేధించింది.

భారతదేశంలో 1957 నాటి కాపీహక్కుల చట్టం వర్తిస్తుంది. దాని 52వ సెక్షను ప్రకారం, చట్టబద్ధంగా కంప్యూటరు ప్రోగ్రాము కలిగి ఉన్న వ్యక్తి నష్టం నుండి తాత్కాలిక రక్షణ కోసం దానికి ప్రతి తీసుకోవచ్చును. వేరొక ప్రోగ్రాముతో కలిసి పనిచేయించేందుకు అవసరమైన సమాచారాన్ని, అది తేలికగా లభ్యం కానప్పుడు, రాబట్టుకోవచ్చును. 2012 సవరణలో చేర్చిన 65-ఎ సెక్షను, కాపీహక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించినవారికి రెండేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చునని చెబుతున్నది. అనగా ఇక్కడ ఉద్దేశానికి ప్రాధాన్యం ఉన్నది. తాళం తీయడాన్నే ఒక ప్రత్యేక తప్పుగా చూసే అమెరికా పద్ధతికీ దీనికీ ఇది ముఖ్యమైన తేడా.

2024 నాటి పరిణామాలు

2024 ఫిబ్రవరి 26న, నింటెండో స్విచ్ యంత్రాన్ని అనుకరించే యుజు ఎమ్యులేటరు వెనుక ఉన్న ట్రాపిక్ హేజ్ సంస్థపై నింటెండో అమెరికాలో దావా వేసింది. స్విచ్ గేములు సంకేతలిపిలో ఉంటాయి. వాటిని విప్పే తాళంచెవులు లేకుండా యుజు పనిచేయదు కనుక అది తాళాలను ఛేదించే సాధనమేనని నింటెండో వాదన. 2023 మేలో విడుదలైన ఒక జెల్డా గేము, విడుదలకు ముందే పది లక్షలకు పైగా అక్రమంగా డౌన్‌లోడ్ అయిందని కూడా ఫిర్యాదులో పేర్కొన్నది. విచారణ జరగకుండానే మార్చి 4న రాజీ కుదిరి, ప్రతివాదులు 24 లక్షల డాలర్లు చెల్లించేందుకు, యుజును మూసివేసేందుకు అంగీకరించారు.

ఈ రాజీ వలన రెండు ఫలితాలు కలిగాయి. మొదటిది, ఇరుపక్షాల ఒప్పందంతో కేసు ముగిసినందున ఎమ్యులేటర్లే చట్టవిరుద్ధమన్న తీర్పు వెలువడలేదు. 1992, 2000 నాటి తీర్పులు అలాగే ఉన్నాయి. రెండవది, అదే బృందం నిర్వహిస్తున్న సిట్రా కూడా మూతబడింది. ఇది ఫోన్లలోనూ పనిచేసే నింటెండో 3డీఎస్ ఎమ్యులేటరు. అప్పటికి ఏడాది ముందే, 2023 మార్చి 27న, 3డీఎస్ దుకాణంలో గేముల అమ్మకాన్ని నింటెండో నిలిపివేసింది. అనగా దుకాణంలో కొనేందుకు వీలులేని గేములను ఆడించే ప్రధాన సాధనం, ఇంకా అమ్మకంలో ఉన్న గేములపై వచ్చిన వివాదంలో చిక్కుకుపోయింది. సిట్రా మూలప్రతి అందరికీ అందుబాటులో ఉండడం చేత ఇతరులు దానిని కొనసాగించారు.

పరిరక్షణ సమస్య

2023 జూలైలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వెలువరించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2010కి పూర్వం విడుదలైన గేములలో 87 శాతం ప్రస్తుతం అమ్మకంలో లేవు. గేమ్ బాయ్ కుటుంబపు గేములలో లభిస్తున్నవి 6 శాతం కూడా లేవు.

వస్తువులు కూడా చిరకాలం నిలవవు. అనేక గేమ్ బాయ్ కార్ట్రిడ్జిలలో ఆట పురోగతిని దాచేందుకు చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయినప్పుడు ఆటగాడు దాచుకున్నదంతా చెరిగిపోతుంది. మరోవైపు, సంస్థలకు చెందిన గేములపై అమెరికాలో కాపీహక్కు ప్రచురణ నుండి 95 సంవత్సరాలు ఉంటుంది. ఈ లెక్కన 1989 నాటి గేము 2084 చివరివరకు రక్షణలో ఉంటుంది. అప్పటికి పనిచేసే గేమ్ బాయ్‌లు ఎన్ని మిగులుతాయో ఊహించవచ్చును. అమ్మకంలో లేని గేములను పరిశోధకులు గ్రంథాలయాల నుండి దూరంగా ఉండి చూసేందుకు అనుమతించాలన్న విన్నపాన్ని అమెరికా కాపీహక్కుల కార్యాలయం 2024 అక్టోబరులో తిరస్కరించింది.

హక్కుదారుల వాదనలోనూ బలమున్నది. పాత గేములకు మళ్ళీ గిరాకీ రావచ్చును, ఉచిత ప్రతులు ఆ గిరాకీని దెబ్బతీస్తాయి. నింటెండో 2023 ఫిబ్రవరిలో గేమ్ బాయ్, గేమ్ బాయ్ అడ్వాన్స్ గేములను స్విచ్ చందాదారులకు అందించడం మొదలుపెట్టింది. ఇవి కూడా ఎమ్యులేటరు ద్వారానే నడుస్తాయి. అయితే ఈ విధంగా లభించేవి సంస్థ ఎంపిక చేసిన కొన్ని గేములు మాత్రమే. చందా ఉన్నంతకాలమే వాటిని ఆడగలరు.

దీనినిబట్టి వివాదం ఎమ్యులేషన్ అనే పద్ధతిపై కాదని తెలుస్తున్నది. ఆ పద్ధతిని హక్కుదారులూ వాడుతున్నారు, ఔత్సాహికులూ వాడుతున్నారు. పీఎస్‌పీ అనుభవం చూపిన ప్రకారం, నేటి ఆతిథేయ యంత్రమే రేపటి అతిథి యంత్రం. ఇప్పటి ఫోన్లకూ ఆ రోజు వస్తుంది. గేమ్ బాయ్ కార్ట్రిడ్జికి తాళం లేదు కనుక దాని గేములు ఏదో ఒక విధంగా మిగిలాయి. సంకేతలిపిలో బంధించి, సంస్థల దుకాణాల ద్వారా మాత్రమే అమ్ముతున్న నేటి గేములు, ఆ దుకాణాలు మూతబడిన తరువాత మిగలాలంటే తాళంచెవి ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలో చట్టమే నిర్ణయించవలసి ఉన్నది.