మొండిది జబ్బు కాదు, దారి

కొత్త ఏడాదిలో మనసు ఆరోగ్యం ముఖ్యమంటున్నారు. మరి అరకు కొండల్లో?

కుంగుబాటు మందులకు గుణం కనిపించడానికే వారాలు పడుతుంది. సరైన మోతాదులో రెండు రకాల మందులు తగినన్నాళ్లు వాడినా తగ్గకపోతేనే డాక్టర్లు మొండి కుంగుబాటు అంటారు. అంటే మళ్లీ మళ్లీ డాక్టర్ని కలవాలి. విశాఖ మానసిక వైద్యశాల అరకు నుంచి వంద కిలోమీటర్ల పైమాటే. వెళ్లిన రోజు కూలి పోతుంది. మందు మధ్యలోనే ఆగుతుంది. ఆగిన వైద్యాన్ని మొండి జబ్బు అనడం అన్యాయమని మేమంటాం.

టెలి మానస్ 14416 ఉంది. సిగ్నల్ లేని గూడేనికి అదెలా అందుతుంది? అందినా, కువి మాట్లాడే అమ్మ తన దిగులును ఏ భాషలో చెప్పుకోవాలి?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కులవివక్ష లేని వైద్యాన్ని హక్కు చేసింది. పాడేరు, అరకు ఆసుపత్రుల్లో నెలనెలా మందులు, గూడెం భాష తెలిసిన మనిషి ఉండాలని జనవరి 26 గ్రామసభల్లో తీర్మానాలు పెట్టిద్దాం.