పేరు ఇచ్చారు సరే, వాటా?

కోల్‌కతా హాతీబాగాన్‌లోని స్టార్ థియేటర్‌కు బినోదిని పేరు పెడుతున్నట్టు 2024 డిసెంబర్ చివర్లో ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ప్రకటించారు. 141 ఏళ్ల నాటి అన్యాయాన్ని ఇన్నాళ్లకు సరిదిద్దారని చాలామంది అన్నారు. నాటకరంగ విద్యార్థిగా నేనూ సంతోషించాను. తర్వాత ఆమె ఆత్మకథ 'ఆమార్ కథా'ను ఇంగ్లీషు అనువాదంలో మళ్లీ చదివాను. ఆ సంతోషం అలాగే నిలవలేదు.

బెంగాల్ థియేటర్ 1873లో స్త్రీలను వేదిక ఎక్కించింది. భద్రలోక కుటుంబాల ఆడవాళ్లు రారు కాబట్టి వేశ్యావాటికల నుంచి నటీమణులను తెచ్చుకుంది. అది నచ్చక ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఆ థియేటర్ కమిటీ నుంచి తప్పుకున్నారు. వితంతు వివాహాల కోసం పోరాడిన మనిషే! మనకు వీరేశలింగం గుర్తుకురాక మానరు. మరుసటి ఏడాది, ఇంకా పన్నెండేళ్లు కూడా నిండీ నిండని బినోదిని నెలకు 10 రూపాయల జీతానికి గ్రేట్ నేషనల్ థియేటర్‌లో చేరారు. 'మేఘనాదవధ'లో ఆమె ఒక్కరే ఏడు పాత్రలు వేశారు.

1883లో గుర్ముఖ్ రాయ్ అనే యువ వ్యాపారి కొత్త థియేటర్ కట్టిస్తానన్నాడు. షరతు ఒక్కటే, బినోదిని అతని ఉంపుడుగత్తెగా ఉండాలి. థియేటర్ ఊసెత్తకపోతే ఆమెకే 50,000 రూపాయలు ఇస్తానని కూడా అన్నాడు. ఆమె డబ్బు వద్దని, థియేటరే కావాలన్నారు. దానికి ఆమె పేరు వచ్చేలా 'బి థియేటర్' అని పెడతామన్న సహచరులు రిజిస్ట్రేషన్ నాటికి 'స్టార్' అని రాయించి వచ్చారు.

ఈ కథ అందరూ చెబుతారు. తర్వాతి సంగతి అంతగా చెప్పరు. గుర్ముఖ్ రాయ్ తప్పుకుంటున్నప్పుడు ఆమెకు వాటా ఇవ్వాలనుకున్నాడు. ఆ బరువు మీకెందుకంటూ గురువు గిరీష్ చంద్ర ఘోష్ ఆమె తల్లికి నచ్చజెప్పారు. యాజమాన్యం నలుగురు మగవాళ్ల చేతికి పోయింది. పేరు పోవడం అవమానమే. కానీ వాటా పోవడమంటే ఏ నాటకం ఆడాలో, ఎవరికి ఏ పాత్రో, ఎవరికి ఎంత జీతమో చెప్పే అధికారం పోవడం. ప్రాతినిధ్యానికీ వాటాకూ తేడా ఏమిటో బహుజన విద్యార్థులకు నేను వివరించక్కర్లేదు.

1884లో 'చైతన్యలీల'లో ఆమె చైతన్యుడి పాత్ర వేశారు. చూడడానికి వచ్చిన రామకృష్ణ పరమహంస ఆశీర్వదించారు. ఆ ఆశీర్వాదంతో థియేటర్‌కు గౌరవం వచ్చింది, నటీమణులకు మాత్రం రాలేదు. 1887 నాటికి, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ల వయసులోనే, ఆమె రంగస్థలం వదిలేశారు. తర్వాత కూతురు శకుంతలను బడికి పంపాలని ప్రయత్నిస్తే పెద్దమనుషుల సమాజం సాగనివ్వలేదు. ఆ పిల్ల పదమూడేళ్లకే చనిపోయింది. ఇన్ని అన్యాయాల్లో నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ బడి సంగతే.

ఇంకొకటి. అప్పటి బెంగాల్‌లో బ్రాహ్మణ స్త్రీల పేరు చివర 'దేవి' అనీ, శూద్ర స్త్రీల పేరు చివర 'దాసి' అనీ రాసేవారు. ఆమె బినోదిని దాసిగానే రాశారు. థియేటర్ కొత్త పేరులో ఆ 'దాసి' లేదు. గౌరవంతోనే తీసేసి ఉంటారు. కానీ దానితోపాటు కులం ఆనవాలు కూడా చెరిగిపోయింది. పైగా ఆమె తన జీవితాన్ని తాకట్టు పెట్టి కట్టించిన స్టార్ ఉండేది బీడన్ స్ట్రీట్‌లో. ఇప్పుడు పేరు మార్చిన హాతీబాగాన్ థియేటర్ మొదలైంది 1888లో, ఆమె వెళ్లిపోయాక.

మా పాఠ్యప్రణాళికలో గిరీష్ చంద్ర ఘోష్ 'ఆధునిక భారతీయ నాటకం' కింద తప్పనిసరి. బినోదిని 'స్త్రీల ఆత్మకథలు' కింద, అదీ ఐచ్ఛికం. ఒక పాత్రను ఎలా పట్టుకోవాలో, ఒంటికి ఎలా ఎక్కించుకోవాలో ఆమె రాసిన పేజీలు నటన తరగతిలో చెప్పాల్సిన పాఠాలు. ఈ మాట మా డిపార్ట్‌మెంట్ సమావేశంలో అడిగితే, వచ్చే సిలబస్ సవరణలో చూద్దామన్నారు.