పాలపిట్ట లెక్క ఎవరు రాస్తారు?

పిచ్చుకలు దేశమంతటా అంతరించిపోతున్నాయని, సెల్ టవర్లే వాటి ఉసురు తీశాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక వేరే మాట చెప్పింది. దేశం మొత్తమ్మీద ఊరపిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా ఇంచుమించు నిలకడగా ఉంది. తగ్గింది హైదరాబాద్‌ సహా ఆరు మహానగరాల్లో. టవర్ల రేడియేషన్ వల్లనే తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు. ఈ లెక్కకు మూలమైన సమాచారం ప్రభుత్వ సర్వే సిబ్బంది తెచ్చింది కాదు. సెలవు రోజున పొద్దున్నే బైనాక్యులర్ మెడలో వేసుకుని చెరువుగట్టుకు వెళ్లే మామూలు మనుషులు రాసి పెట్టింది.

పక్షులు చూడటాన్ని మన ఇళ్లలో ఇంకా పనీపాటా లేనివాళ్ల వ్యవహారంగానే చూస్తారు. పిల్లవాడు చెట్టు కింద నిలబడి పైకి చూస్తూ ఉంటే చదువు పాడవుతోందని కంగారు పడతారు. నిజానికి మన తీరిక వేళల్లో ఊరికి, దేశానికి ఇంతగా పనికొచ్చే అభిరుచి మరొకటి అరుదు. 2023లో వచ్చిన తాజా నివేదికే ఇందుకు సాక్ష్యం. దాదాపు 30 వేల మంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన సుమారు 3 కోట్ల పరిశీలనలను శాస్త్రవేత్తలు వడపోసి, 942 జాతుల పరిస్థితిని అంచనా వేశారు. వాటిలో 178 జాతులను వెంటనే కాపాడుకోవాల్సినవిగా గుర్తించారు.

అందులో తెలుగువారిని నేరుగా తాకే సంగతి ఒకటుంది. పాలపిట్టల సంఖ్య పన్నెండేళ్లలో 30 శాతం దాకా పడిపోయిందని ఆ నివేదిక తేల్చింది.

తెలంగాణ రాష్ట్ర పక్షి అది. చేల గట్ల మీద, కరెంటు తీగల మీద నిత్యం కనిపించే పిట్ట కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. వాలి ఉన్నప్పుడు మట్టి రంగులో ఒదిగి ఉంటుంది, రెక్క విప్పితే నీలం మెరుస్తుంది. మిడతలను, పురుగులను తిని రైతుకు మేలు చేస్తుంది. ఇలాంటి పిట్ట ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతుంటే కంటికి ఆనదు. కాగితం మీద ఉంటేనే తెలుస్తుంది. అందుకే చూడటంతో ఆగకుండా రాయాలి.

రాయడం కష్టమేమీ కాదు. ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో చోటు, సమయం, ఎంతసేపు చూశారు, ఏ పిట్ట ఎన్ని అన్న వివరాలు నింపితే చాలు. కాకి, గోరింక, పికిలిపిట్ట అని చులకన చేయకుండా గుర్తుపట్టిన ప్రతి పక్షినీ రాయాలి. అప్పుడే ఆ జాబితాలో లేని పిట్ట అక్కడ కనిపించలేదన్న సంగతి కూడా తేలుతుంది. పక్షి శాస్త్రానికి ఇది చాలా విలువైన సమాచారం. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు సాగే ప్రపంచ పక్షుల లెక్కింపులో పావుగంట చూసి రాసినా సరిపోతుంది. మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటోంది.

ఒకే పిట్టను ఓపికగా చూస్తే దక్కే ఆనందం వేరు. వానాకాలంలో బావి మీదికి వంగిన ఈతచెట్టు దగ్గర కాసేపు నిలబడితే గిజిగాడి పనితనం కనిపిస్తుంది. మగపిట్ట వరి ఆకు అంచును ముక్కుతో కొరికి, ఎగురుతూ పొడవాటి పీలికగా చీల్చుకుని వస్తుంది. ముడి వేసి, అల్లి, గూడు సగమయ్యాక రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆడపిట్ట లోపలికి దూరి చూస్తుంది. నచ్చితేనే గూడు పూర్తవుతుంది, లేకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపునే ఉంటాయి, నైరుతి గాలివాన తగలకుండా.

ఈ అభిరుచికి మన నేల మీద మంచి వారసత్వమే ఉంది. సలీం అలీ 1931-32లో నిజాం రాష్ట్రమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. 1980లో హైదరాబాద్‌లో పక్షి ప్రేమికుల సంఘం ఏర్పడింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు అప్పుడు తోడ్పడింది ఆ అడవి ఆనుపానులు తెలిసిన స్థానిక వేటగాళ్లే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు పక్కన ఉప్పలపాడులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చెట్ల మీద, చెరువుల్లో నిర్భయంగా గూళ్లు కడుతున్నాయంటే ఆ పల్లె ప్రజల చలవే. పిట్టల గురించి ఇంత తెలిసిన ఊళ్ల నుంచి రాతపూర్వకమైన లెక్కలు మాత్రం తక్కువ. నమోదయ్యేవి ఎక్కువగా నగరాలు, పేరున్న పర్యాటక స్థలాల చుట్టూనే. ఈ లోటు తీర్చగలిగింది బడులే. వేలకు వేలు పోసి కెమెరాలు కొనక్కర్లేదు, మండలానికో హైస్కూలులో రెండు బైనాక్యులర్లు, ఒక నోటు పుస్తకం పెడితే పని మొదలవుతుంది.

ఫొటోల మోజు గురించి కూడా కచ్చితంగా చెప్పుకోవాలి. పొదిగే పిట్ట దగ్గరికి గుంపుగా వెళ్లడం, రికార్డు చేసిన కూత వినిపించి బయటికి రప్పించడం, ఫొటోకు అడ్డమని కొమ్మలు విరవడం తప్పు. బెదిరిన తల్లి గూడు వదిలేస్తే గుడ్లు కాకి పాలవుతాయి. పిట్ట క్షేమం కన్నా ఫొటో ఎక్కువ కాదు.

అంతకన్నా ఘోరం దసరా నాటి పంజరాలు. పాలపిట్టను చూస్తే శుభమన్న నమ్మకం అందమైనదే. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి పిట్టను పట్టి, కాళ్లు కట్టి, వీధి వీధీ తిప్పి చూపించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈసారి పంజరం తెచ్చినవాడికి పది రూపాయలు కూడా ఇవ్వకండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి. జమ్మిచెట్టుకు వెళ్లే దారిలో కరెంటు తీగలను ఒక్కసారి గమనించండి. పాలపిట్ట కనిపిస్తే పిల్లలకు చూపించండి. ఎన్ని కనిపించాయో, ఎక్కడ కనిపించాయో ఆ రోజే రాసి పెట్టండి.