తరాజు ఒక్కటే ఉండాలి



మొన్న జుమా నమాజ్ అయ్యాక కట్టంగూర్‌లో చాయ్ తాగుతూ కూర్చుంటే మాటల్లో ఎన్నికల ముచ్చట వచ్చింది. ఒకాయన అన్నాడు: "మనోడు ఓడితే రీకౌంటింగ్ అడగాలె. గెలిస్తే సర్టిఫికెట్ తీసుకొని జల్ది బయటపడాలె." అందరం నవ్వినం. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట దిల్‌లో ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ పని చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

2019 జనవరి పంచాయతీ ఎన్నికలు. మా మండలంలోనే ఒక ఊళ్ళో సర్పంచ్ అభ్యర్థికి నేను కౌంటింగ్ ఏజెంట్‌ని. అవతలి అభ్యర్థికి ఏజెంట్ మా ఖాలా కొడుకు, నాకంటే చిన్నవాడు. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గానీ, ఎవరి వెనక ఎవరున్నారో ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. మధ్యాహ్నం బడిలో లెక్కింపు మొదలైంది. గులాబీ రంగు బ్యాలెట్లు విప్పి, గుర్తుల వారీగా వేరు చేసి, 25 చొప్పున కట్టలు కడుతున్నారు.

ఒక బ్యాలెట్ మీద రెండు చోట్ల సిరా కనబడింది. మా గుర్తు మీద ముద్ర స్పష్టంగా ఉంది, ఇంకో గుర్తు మీద మసకగా ఉంది. "సార్, మడతపెడితే అంటుకున్న మరక అది. అసలు ముద్ర మాదే" అన్నాను. అధికారి కాగితాన్ని మడిచి చూశాడు. రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఓటు మాకే కలిపాడు. మడతలో అంటుకున్న సిరా వల్ల మాత్రమే ఓటును చెల్లనిదిగా తీసేయకూడదు, కాబట్టి అతను చేసింది సరైన పనే.

అరగంట తర్వాత అలాంటిదే ఇంకొకటి వచ్చింది. ఈసారి అసలు ముద్ర అవతలివాళ్ళ గుర్తు మీద, మరక మా గుర్తు మీద. నేను లేచి నిలబడ్డాను. "రెండు ముద్రలున్నయ్, ఇది చెల్లదు!" అని అరిచాను. మా తమ్ముడు గొడవపడలేదు. నా మొహంలోకి చూసి మెల్లగా అన్నాడు: "భాయీజాన్, అభీచ్ ఆప్ క్యా బోలే?"

మావాడు 3 ఓట్లతో ఓడాడు. రీకౌంటింగ్ అడిగాం, ఇచ్చారు. మళ్ళీ అదే 3. ఆ తర్వాత ఎన్నో నెలలు నేను ఊరంతా చెప్పిన మాటేమిటంటే, "ఆ అధికారి అమ్ముడుపోయిండు." సబూత్ ఏమీ లేదు. రాజకీయంలో దీన్ని ప్రచారం అంటారు. దీన్‌లో దీని పేరు బోహ్తాన్. ఆయన మళ్ళీ కనబడలేదు, మాఫీ అడిగే మౌకా దొరకలేదు.

సూరె ముతఫ్ఫిఫీన్ మనందరికీ తెలుసు. తమకు రావలసింది నిండుగా కొలిచి తీసుకొని, ఇతరులకిచ్చేటప్పుడు తక్కువ తూచేవాళ్ళకు అల్లాహ్ చేసిన హెచ్చరిక అది. వడ్ల కాంటా దగ్గర బస్తాకు కిలో తరుగు తీస్తే మనం కేకలు పెడతాం. ఆరోజు ఓట్ల బల్ల దగ్గర నేను తీయబోయింది కూడా తరుగే. మన ఉలమా ఓటును షహాదత్ అంటారు. పరాయివాడి గవాహీని చెరిపేయబోయిన మనిషిని నేను.

రీకౌంటింగ్ అడగడం తప్పని కాదు నేననేది. అది హక్. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 63వ నియమం ప్రకారం అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో అభ్యర్థి గానీ ఏజెంట్ గానీ కారణాలు రాసి రీకౌంటింగ్ కోరవచ్చు. ఒప్పుకున్నా, కాదన్నా రిటర్నింగ్ అధికారి కూడా కారణాలు రాయాలి. ఫలితం ప్రకటించాక ఆ దారి మూసుకుపోతుంది. ఇక 45 రోజుల లోపు హైకోర్టుకు వెళ్ళడమే. గెలుపు తేడా కంటే తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లు ఎక్కువుంటే వాటిని మళ్ళీ పరిశీలించాలని ఎన్నికల సంఘం నిబంధన కూడా ఉంది. ఈ నిబంధన గెలిచిందెవరని అడగదు. అందుకే దాన్ని ఇన్సాఫ్ అనొచ్చు.

స్వల్ప తేడాలు మనకు కొత్త కాదు. 2018లో మన పక్కనే కోదాడలో 756 ఓట్లు. 2023లో యాకుత్‌పురాలో మజ్లిస్‌కూ ఎంబీటీకీ మధ్య 878, అక్కడ అటూ ఇటూ మనవాళ్ళే. 2014లో మంగళగిరిలో 12 మాత్రమే.

అన్నిటికంటే ధర్మపురి గుర్తుంచుకోవాలి. 2018లో కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో గెలిచారు. ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ లెక్కింపులో అన్యాయం జరిగిందని హైకోర్టుకు వెళ్ళారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశంతో స్ట్రాంగ్‌రూం తెరవబోతే తాళంచెవులు కనబడలేదు. చివరికి తాళం పగలగొట్టాల్సి వచ్చింది. లెక్క సరైనదో కాదో తర్వాతి మాట. అమానత్‌గా అప్పగించిన గది తాళాలే లేకపోతే, ఓడినవాడి అనుమానాన్ని ఏ ముఖంతో కొట్టిపారేస్తాం? అధికారుల తరఫు బాధ్యత అది. అనుమానం తీర్చడానికి కావలసిన ప్రతిదీ భద్రంగా ఉంచాలి.

మన తరఫు బాధ్యత వేరు. 2000లో అమెరికాలోని ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా దగ్గర దేశమంతా ఆగిపోయింది. గోర్ చేతి లెక్క అడిగింది తనకు బలమున్న నాలుగు కౌంటీల్లోనే. బుష్ మనుషులు అసలు లెక్కే వద్దన్నారు. ఇద్దరూ ఇన్సాఫ్ పేరే చెప్పారు. తరఫ్‌దారీ చదువుతోనో దౌలత్‌తోనో పోయే జబ్బు కాదు.

కొందరు మిత్రులంటారు: "వాళ్ళు మోసం చేస్తుంటే మనం షరాఫత్‌తో కూర్చుంటే మునిగిపోతాం." మోసం జరిగితే రాసి ఇవ్వండి, సంతకం పెట్టకండి, కోర్టుకు వెళ్ళండి. కానీ ఒక్కటి ఆలోచించండి. సంఖ్యలో తక్కువున్న మనలాంటి వాళ్ళకు ఆసరా నియమమే. ఓటరు జాబితాలో మన ఇంటి పేరు గల్లంతైతే మనం పట్టుకు వెళ్ళేది నియమాన్నే, గుంపును కాదు. మనకు గెలుపొచ్చిన రోజు ఆ నియమాన్ని మనమే వంచితే, అవసరమైన రోజు అది మన చేతిలో నిలబడదు.

బంధువులకు, చివరికి మనకే నష్టమైనా ఇన్సాఫ్ మీద నిలబడమనీ, ఒక కౌమ్ మీద కోపం మనల్ని నాఇన్సాఫీ వైపు లాగనీయొద్దనీ ఖురాన్ ఆదేశం. దాన్ని కౌంటింగ్ బల్ల దగ్గరికి తెచ్చుకోవడానికి ఒక చిన్న సవాల్ చాలు: ఇదే తేడాతో మనవాడు గెలిచి ఉంటే, అవతలివాడికి ఈ రీకౌంటింగ్ ఇవ్వడానికి నేను ఒప్పుకునేవాణ్ణా? ఒప్పుకుంటానని దిల్ చెబితే బేఫికర్‌గా అడగండి. నోరు తడబడితే మాత్రం మనం అడుగుతున్నది ఇన్సాఫ్ కాదు, కుర్చీ.

మా తమ్ముడూ నేనూ ఈద్‌కు గలే మిలతాం, ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటాం. ఆ రోజు మాట వాడెప్పుడూ ఎత్తలేదు. ఈసారి నేనే ఎత్తి, వాడికి చెప్పవలసిన మాట చెప్పాలనుకుంటున్నాను. దువా చేయండి.