పొద్దుటి పరుగు రాత్రే మొదలవుతుంది

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడుతుందన్న మాట వినిపిస్తే చాలు, ఊళ్లలో స్కూలు గ్రౌండ్లు తెల్లవారుజామున ఐదింటికే నిండిపోతాయి. కొత్త బూట్లు, కొత్త ట్రాక్ ప్యాంట్లు, వాట్సాప్ స్టేటస్‌లో చెమట పట్టిన ఫొటోలు. పది రోజులు పోయాక చూడండి, సగం మంది కనిపించరు. మన పెద్దలు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు, ఆరంభ శూరత్వమని. ఎందుకు మానేశావని అడిగితే ‘మోటివేషన్ పోయిందన్నా’ అంటారు. ఆ జవాబు మీద నాకు నమ్మకం లేదు. చాలామందికి కరువైంది మోటివేషన్ కాదు, నిద్ర.

అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రాడి రోజు లెక్క వేయండి. రాత్రి పదకొండు దాకా స్టడీ హాల్లో ఉంటాడు. గదికొచ్చి పక్క మీద వాలేసరికి పన్నెండు. అక్కడి నుంచి ఫోన్. అందులోనూ సగం ‘నాలుగింటికి లేస్తేనే విజయం’ అని ఊదరగొట్టే వీడియోలే! ఒంటిగంటన్నరకు కన్ను మూతపడితే నాలుగున్నరకు అలారం. అంటే మూడు గంటల నిద్ర. వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ రోజుకు కనీసం 7 గంటలు కావాలని వైద్యులు చెబుతున్నారు. అలాంటప్పుడు అలారం ఆపేసి ముసుగు తన్నినవాణ్ని బద్ధకస్తుడని తిట్టడం అన్యాయం. ఒళ్లు తన బాకీ తాను వసూలు చేసుకుంటోంది, అంతే.

పైగా పదిహేనేళ్ల నుంచి ఇరవై దాటేవరకు ఒంట్లోని గడియారం కాస్త ఆలస్యంగా నడుస్తుంది. ఆ వయసులో నిద్ర లేటుగా రావడం సహజం. దాన్ని ఒక్క రాత్రిలో తిప్పలేం. ఏడింటికి లేచేవాళ్లు రేపే నాలుగింటికి లేవాలనుకోవద్దు. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. పడుకునే వేళనూ అంతే జరపండి. లేవగానే బయటికొచ్చి వెలుతురులో నిలబడండి, ఒంటి గడియారం సరిపడేది ఆ వెలుతురుతోనే. సాయంత్రం తర్వాత టీ, కాఫీలు మానండి. ఫోన్‌ను దిండు కింద కాకుండా గదిలో అవతలి మూలన పెట్టండి.

ఇదంతా చిన్న విషయమని తీసిపారేయకండి. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌నే తీసుకోండి. ఆగస్టులో కానిస్టేబుల్ ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. ఫలితాలు అక్టోబరులో వచ్చాయి. డిసెంబరులో ఈవెంట్స్ మొదలయ్యాయి. పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద అబ్బాయిలు ఒక్కో రౌండును దాదాపు 109 సెకన్లలో ముగించాలి, అలా ఆగకుండా 4 రౌండ్లు. అది దాటితేనే తుది రాతపరీక్షకు అవకాశం. ఫలితాలు వచ్చాక బూట్లు కొన్నవాళ్లకు మిగిలింది నెలన్నరే. ఆ తొందరలో రోజూ ఒళ్లు హూనమయ్యేలా పరుగెత్తి, మోకాలి కింద ఎముక నొప్పి తెచ్చుకుని కుంటేవాళ్లు ఎందరో. పుస్తకాల మీద పెట్టిన నెలల కష్టం ఆ గ్రౌండులోనే ఆగిపోతుంది.

అందుకే నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టాలి. మొదటి రెండు వారాలు నడకా పరుగూ కలిపి ఇరవై నిమిషాలు చాలు. వారంలో ఒకటి రెండు రోజులు ఒంటికి విశ్రాంతి ఇవ్వండి. ఒక్కరే వెళ్లకుండా ఓ స్నేహితుణ్ని జత కట్టుకోండి. అలారం మోగితే ఆపేస్తాం గానీ, గేటు బయట నిలబడి పిలిచేవాణ్ని ఆపలేం కదా!

పొద్దున్నే చేయాలన్న నియమమేమీ లేదు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది గానీ, ఏ వేళకు చేయాలో చెప్పలేదు. రాత్రి షిఫ్టు చేసేవాళ్లు, అర్ధరాత్రి దాకా డెలివరీలకు తిరిగేవాళ్లు సాయంత్రం పరుగెత్తితే తప్పు లేదు. మన ఎండలకు, పగటి పనులకు పొద్దున అనుకూలం, అంతవరకే.

ఒక మాట పెద్దలకూ చెప్పాలి. అబ్బాయి చీకట్లో రోడ్డు మీద పరుగెత్తగలడు. అమ్మాయికి అది కుదురుతుందా? కుక్కలు, లారీలు, వెకిలి మాటలు... ఇంట్లోవాళ్లు పంపడానికే భయపడతారు. ఆమె ముందు మోటివేషన్ గురించి మాట్లాడటం కంటే మున్సిపాలిటీ గ్రౌండులో నాలుగు లైట్లు వేయించడం మేలు. ప్రభుత్వ స్కూళ్లు, కాలేజీల గేట్లు ఐదింటికి తెరిచి, ఒక వాచ్‌మన్‌ను పెట్టించడం స్థానిక పాలకులకు పెద్ద ఖర్చేమీ కాదు. యువతకు క్రమశిక్షణ లేదని వేదికలెక్కి చెప్పేవాళ్లు ముందు ఆ తాళాలు తీయించాలి.

ఇక మీ వంతు. రేపు ఎన్నింటికి లేవాలో తర్వాత ఆలోచిద్దురు గానీ, ఈ రాత్రి ఫోన్ ఎన్నింటికి పక్కన పెడతారో ముందు తేల్చుకోండి.