పేరు కొట్టించిన గంగాళం

ఈ మధ్య ఎవరింటికి వెళ్ళినా ముందుగదిలో పాత వస్తువొకటి కనబడుతున్నది. ఇత్తడి ఉరుళిలో నీళ్ళు పోసి పూలు వేస్తున్నారు. ఆముదపు సెమ్మె మూలనుంచి బల్ల మీదికి ఎక్కింది. గోడకు రవివర్మ పటం. ఆయన 1894లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టిన తరువాతనే గదా ఆ లక్ష్మీ సరస్వతులు మనవంటి వారి ఇళ్ళకు వచ్చింది! చూడముచ్చటగానే ఉంటుంది. మా ఇంటావిడకూ ఆ సరదా పుట్టింది.

ఒక ఆదివారం అమ్మాయిని వెంటబెట్టుకొని మధుర నుంచి కారైకుడికి వెళ్ళాము. అక్కడ మునీశ్వరన్ కోవెల వీధిలో పాత సామాన్ల అంగళ్ళు ఉన్నాయి. బర్మా మొదలైన దేశాలలో వ్యాపారం చేసి గడించిన నాట్టుకోట్టై చెట్టియార్లు ఆ ప్రాంతంలో పెద్ద పెద్ద మేడలు కట్టారు. వారసులు పంచుకొన్నవీ, మేడలు విప్పినప్పుడు వచ్చినవీ ఈ వీధికి చేరాయి. టేకు తలుపులు, బెల్జియం అద్దాలు, ఎనామెల్ గిన్నెలు, తంజావూరు పటాలు – చూడడానికే పూట పట్టింది.

ఒక అంగడి మూల గంగాళం ఒకటి బోర్లించి ఉన్నది. అమ్మాయి దాని అంచు తడిమి, “ఇదేం రాత నాన్నా?” అన్నది. వంగి చూశాను. చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు! మొదలంతా అరిగిపోయింది. చివర “మ్మకు” అని మాత్రం తెలుస్తున్నది. ఏ తల్లి ఏ కూతురికి పెళ్ళిలో ఇచ్చిందో! అంగడివాడు మా మొగాలు చూసి, “ఆ గీతలు వద్దంటే అరగదీయించి ఇస్తాను సార్” అన్నాడు.

నా మనసు కలుక్కుమన్నది. పన్నెండేళ్ళ కిందట మా అమ్మ గంగాళాన్ని తూకానికి వేసినవాణ్ణి నేనే. దాని మీదా పేరుండేది. ఇల్లు ఇరుకన్నాను, స్టీలు సామాను చాలునన్నాను. అమ్మ ఏమీ అనలేదు. తక్కెడలో పెడుతుంటే ఆ అక్షరాల మీద ఒకసారి చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఈ గంగాళం వెల మా అందుబాటులో లేదు. ఆ రాత చెరపవద్దని మాత్రం చెప్పి వచ్చాను.

ఇంటికి వచ్చి అటక వెతికితే అమ్మ మరచెంబు దొరికింది. చింతపండుతో తోమి, కడిగి, తడిలేకుండా తుడిచాము. అమ్మాయి బడిలో చదివేది అరవం. అయినా ఒక్కొక్క అక్షరమే నన్నడిగి నాయనమ్మ పేరు కూడబలుక్కున్నది. “ఎవరిచ్చారు నాయనమ్మా?” అన్నది. డెబ్బై దాటిన మా అమ్మ ఆ రాత్రి చెప్పిన కబుర్లు నేనూ ఎన్నడూ వినలేదు.

కొనదలచిన వారికి రెండు మాటలు. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన విగ్రహాలు, చిత్రాలు మొదలైనవి పురావస్తువులు. వాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. మనవంటి వారు వాటిని విదేశాలకు పంపరాదు. కాబట్టి రసీదు అడిగి పుచ్చుకోండి. ఇత్తడిలో పులుపు వండదలిస్తే ముందు కళాయి పెట్టించండి. పేరున్న పాత్రను మెరుగు చక్రానికి ఇవ్వకండి.

అన్నిటికంటె ముందు, అంగడికి బయలుదేరేలోగా మీ అటక ఒకసారి చూడండి. అక్కడున్న వాటి సంగతులు చెప్పగల పెద్దలు ఇంట్లో ఉండగానే అడగండి.